ఏ పాపానికి ఈ ఫలం? అండాశయ కణితి, కర్మ సిద్ధాంతం

రోగం పూర్వజన్మ పాపానికి ఫలమా, ఒంట్లో జరిగిన పొరపాటా అన్నది మన తత్వచింతనలో చాలా పాత ప్రశ్న. అండాశయ క్యాన్సర్ దగ్గరకు వచ్చేసరికి అది మరీ పదునెక్కుతుంది. నోటి క్యాన్సర్ వస్తే పొగాకును, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ వస్తే హెచ్‌పీవీ వైరస్‌ను వేలెత్తి చూపించవచ్చు. అండాశయంలో కణితి వచ్చిన స్త్రీ జీవితమంతా వెతికినా చాలాసార్లు అలా చూపించడానికి ఏదీ దొరకదు. కారణం కనబడని చోట కర్మ వచ్చి కూర్చుంటుంది. బందరులోనైనా గుడివాడలోనైనా దివిసీమ పల్లెల్లోనైనా స్కానింగ్ రిపోర్టు చేతికొచ్చిన ఇంట్లో ‘ఏ జన్మలో ఏ పాపం చేసుకుందో’ అన్న మాట వినబడుతుంది. అన్నవాళ్లు జాలిపడే అంటారు. పడ్డ మనిషికి మాత్రం అది తీర్పే. ఆ తీర్పుకు శరీరశాస్త్రంలో ఆధారం ఉందా, అసలు శాస్త్రగ్రంథాల్లోనైనా ఉందా అన్నది తేల్చుకోవలసిన విషయం.

ముందు కణితి సంగతి. ఒంట్లో కణం తోచినట్టు పెరగదు. పెరగమని బయటి నుంచి సంకేతం రావాలి. లోపల సైక్లిన్లు అనే ప్రోటీన్లు ఒక వరుసలో పేరుకుని, ఒక వరుసలో కరిగిపోవాలి. ఈ సైక్లిన్లను టిమ్ హంట్ 1982లో సముద్రపు అర్చిన్ గుడ్లలో గమనించాడు. కణవిభజన క్రమాన్ని విప్పి చెప్పినందుకు ఆయనకూ, లీలాండ్ హార్ట్‌వెల్‌కూ, పాల్ నర్స్‌కూ 2001లో నోబెల్ బహుమతి వచ్చింది. విభజనకు ముందు కణం సుమారు 600 కోట్ల అక్షరాలున్న తన డీఎన్‌ఏకు నకలు తీసుకోవాలి. నకలులో తప్పులు దొర్లుతాయి. చాలావాటిని కణమే దిద్దుకుంటుంది, ఒకటీ అరా మిగిలిపోతాయి. నష్టం పెద్దదైతే పీ53 అనే ప్రోటీన్ విభజనను ఆపేస్తుంది; దిద్దుబాటుకు వీల్లేకపోతే కణాన్ని చావుకు పంపుతుంది. 1979లో బయటపడిన ఈ ప్రోటీన్‌ను డేవిడ్ లేన్ 1992లో జన్యురాశికి కాపలాదారు అన్నాడు. అండాశయ క్యాన్సర్లలో ఎక్కువగా కనబడేదీ, ఎక్కువమందిని బలిగొనేదీ హై గ్రేడ్ సీరస్ రకం. ఆ కణితుల్లో 96 శాతంలో పీ53 జన్యువు చెడిపోయి ఉందని 2011లో వెలువడిన క్యాన్సర్ జీనోమ్ అట్లాస్ అధ్యయనం తేల్చింది. కాపలా పోయాక కణం ఆగదు, తప్పుల మీద తప్పులు మోస్తూనే రెండవుతుంది, నాలుగవుతుంది.

ఈ పొరపాటు ఇక్కడే ఎందుకు జరుగుతుంది? 1971లో ఈజిప్టు వైద్యుడు ఫతల్లా ఒక ఊహ చెప్పాడు. నెలనెలా అండం విడుదలైనప్పుడు ఆ చోట పొర చిట్లి మళ్లీ మానుతుంది. మానాలంటే కణాలు విభజన చెందాలి. విభజనలు ఎక్కువైనకొద్దీ పొరపాటుకు అవకాశం ఎక్కువ. గర్భం ధరించిన నెలల్లో, బిడ్డకు పాలిచ్చే కాలంలో అండాల విడుదల ఆగుతుంది కాబట్టి ముప్పు తగ్గుతుంది. గర్భనిరోధక మాత్రలు కొన్నేళ్లు వాడినవారిలోనూ అంతే. తర్వాతి పరిశోధన ఈ చిత్రాన్ని కొంత మార్చింది: సీరస్ రకం చాలావరకు అండాశయంలో కాక, అండవాహిక చివరి కుచ్చుల్లో మొదలై అండాశయం మీదికి పాకుతుందని తెలిసింది. ఆంధ్రప్రదేశ్‌లో లక్షలాది స్త్రీలు చేయించుకున్న కుటుంబ నియంత్రణ ఆపరేషన్ ఈ జబ్బు ముప్పును కొంత తగ్గిస్తుందంటే కారణం కూడా ఆ నాళంలోనే ఉంది. ఆ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు చేయించుకోనివాళ్ల కన్నా పుణ్యాత్ములని ఎవరూ అనరు కదా.

ఇక గుర్తుల సంగతి. కడుపులో గడ్డ ఉందని తెలిశాక అది ఎలాంటిదో చెప్పడానికి వైద్యులు కొన్ని ప్రోటీన్లను ఆధారం చేసుకుంటారు. వీటిలో బాగా ప్రచారమైనది సీఏ-125. రాబర్ట్ బాస్ట్ బృందం 1981లో ఓసీ125 అనే యాంటీబాడీని తయారుచేయడంతో ఇది వెలుగులోకి వచ్చింది. రక్తంలో మిల్లీలీటరుకు 35 యూనిట్ల లోపు ఉంటే మామూలు అంటారు. అయితే ఆ హద్దు దాటినంత మాత్రాన క్యాన్సర్ కాదు. నెలసరి రోజుల్లో, గర్భం తొలి మాసాల్లో, ఎండోమెట్రియోసిస్‌లో, కాలేయం గట్టిపడినప్పుడు కూడా ఇది పెరుగుతుంది. మన దేశంలో మరీ ముఖ్యంగా పొట్టకు సోకిన క్షయ అచ్చం అండాశయ క్యాన్సర్‌లాగే కనబడుతుంది: పొట్టలో నీరు, బరువు తగ్గడం, ఎక్కడికో పెరిగిపోయిన సీఏ-125. ముక్క పరీక్ష చేయిస్తే తప్ప తేడా తెలియదు. రెండో వైపు చూస్తే, తొలి దశ క్యాన్సర్లలో సగం దాకా ఈ ప్రోటీన్ మామూలుగానే ఉంటుంది.

మన తార్కికులు ఈ చిక్కును ఎన్నో శతాబ్దాల క్రితమే వేరే సందర్భంలో విడదీసి చూపించారు. కొండ మీద పొగ కనబడితే నిప్పు ఉందని ఊహించవచ్చు. ఎందుకంటే పొగ ఉన్న ప్రతిచోటా నిప్పు ఉంటుంది. ఈ విడదీయరాని సంబంధాన్ని న్యాయశాస్త్రం వ్యాప్తి అంటుంది. నిప్పును చూసి పొగ ఉందని మాత్రం ఊహించకూడదు. కట్టె పచ్చిదైతేనే పొగ వస్తుంది, ఎర్రగా కాలిన ఇనుములో నిప్పు ఉంటుంది గానీ పొగ ఉండదు. ఊహించదలచుకున్నది, అంటే సాధ్యం, లేని చోట కూడా కనబడే గుర్తును తార్కికులు సవ్యభిచారం అన్నారు. ఒక్క సీఏ-125 సంఖ్యను పట్టుకుని క్యాన్సర్ అని తేల్చడం సరిగ్గా అలాంటి గుర్తును నమ్మడమే. అందుకే నికార్సయిన వైద్యులు స్కానింగ్‌లో గడ్డ రూపం, ముట్లుడిగిపోయాయా లేదా అన్నది, రక్తంలోని సంఖ్య, ఈ మూడింటినీ కలిపి చూస్తారు. బ్రిటన్‌లో 2,02,638 మంది స్త్రీలతో ఏళ్ల తరబడి సాగిన పరీక్ష కూడా ఇదే నేర్పింది: లక్షణాలేవీ లేనివారికి ఏటా సీఏ-125 చూసినా, స్కానింగ్ చేసినా అండాశయ క్యాన్సర్ మరణాలు తగ్గలేదని 2021లో తేలింది.

ముక్క పరీక్షలో కనబడే గుర్తులు ఇంతకన్నా గట్టివి. తీసిన ముక్కను పల్చటి పొరలుగా కోసి, గాజు పలక మీద పరిచి, ఒక్కో ప్రోటీన్‌ను పట్టుకునే యాంటీబాడీతో రంగు వేస్తారు. ప్రోటీన్ ఉన్నచోట కేంద్రకం గోధుమరంగుకు తిరుగుతుంది, లేనిచోట నీలంగా మిగులుతుంది. కీ-67 అనే ప్రోటీన్ విభజనలో ఉన్న కణంలోనే ఉంటుంది, విశ్రాంతిలో ఉన్న కణంలో ఉండదు. కాబట్టి నూటికి ఎన్ని కేంద్రకాలు గోధుమరంగుకు వచ్చాయో లెక్కిస్తే కణితి ఎంత ఉరవడిగా పెరుగుతున్నదో అంచనా దొరుకుతుంది. పీ53 రంగు ఇంకా విచిత్రమైనది. జన్యువు బాగున్న కణజాలంలో అక్కడొకటి ఇక్కడొకటి లేతగా, ముదురుగా కేంద్రకాలు కనబడతాయి. జన్యువు చెడితే సాధారణంగా రెండింట్లో ఒకటి జరుగుతుంది: దాదాపు అన్ని కేంద్రకాలూ ముదురు గోధుమరంగుకు తిరుగుతాయి, లేదా ఒక్కటీ తిరగదు. ఏమీ కనబడకపోవడం కూడా ఇక్కడ గుర్తే. అయితే దానికి ఒక షరతు ఉంది. కణితి చుట్టూ ఉన్న మామూలు కణాల్లో రంగు పట్టి ఉండాలి. అక్కడ కూడా పట్టకపోతే రంగు వేయడమే చెడిపోయిందని అర్థం. కుమారిలభట్టు పరంపరలోని మీమాంసకులు అభావాన్ని తెలుసుకునే విధానంలో ఇదే షరతు పెట్టారు. ఉంటే తప్పక కనబడే పరిస్థితి ఉండి కూడా కనబడకపోతేనే లేదనాలి; చీకటిగదిలో కుండ కనబడలేదని కుండ లేదనకూడదు.

ఈ తర్కాన్ని ఇప్పుడు కర్మ మీద మోపి చూడాలి. ‘రోగం వచ్చింది కాబట్టి పాపం చేసి ఉంటుంది’ అన్నది కూడా ఒక అనుమానమే. రోగం గుర్తు, పాపం సాధ్యం. ఆ రెంటికీ వ్యాప్తి ఎక్కడ చూశారు? పాపం చేసినవారంతా రోగులు కావడం గానీ, రోగులంతా పాపం చేసి ఉండడం గానీ ఎవరి అనుభవంలోనూ లేదు. ఉదయనాచార్యుడు న్యాయకుసుమాంజలిలో లోకంలోని వైచిత్రికి అదృష్టం, అంటే కంటికి కనబడని కర్మఫలం, కారణమని వాదించిన మాట నిజం. కానీ ఆ వాదం గెలిచినా దక్కేది కర్మ అనేది ఒకటుందన్న సాధారణ సత్యమే. ఫలానా గుడివాడ ఇల్లాలు ఫలానా పాపం చేసిందనడానికి అందులో పిసరంత ఆధారం కూడా రాదు.

రోగానికీ పాపానికీ పట్టికలు వేసిన గ్రంథాలు లేకపోలేదు. మనుస్మృతి పదకొండో అధ్యాయం బంగారం దొంగిలించినవాడికి గోళ్లు చెడతాయనీ, మద్యం తాగినవాడికి పళ్లు నల్లబడతాయనీ, బ్రహ్మహత్య చేసినవాడికి క్షయ వస్తుందనీ చెబుతుంది. శాతాతప స్మృతి ఈ జాబితాను ఇంకా పెంచింది. 1882లో రాబర్ట్ కోచ్ క్షయకు కారణమైన సూక్ష్మజీవిని చూపించాడు. ఇప్పుడు క్షయ రోగిని ఎవరూ బ్రహ్మహంతకుడనరు. కఫం పరీక్ష చేయించి ఆరు నెలలు మందులు వాడిస్తారు. క్షయ విషయంలో మానుకున్న మాటను క్యాన్సర్ విషయంలో పట్టుకు వేలాడడానికి న్యాయమైన కారణమేదీ లేదు.

వైద్యగ్రంథమైన చరకసంహిత ఈ ప్రశ్నను ఎంతో నిజాయితీగా ఎదుర్కొంది. విమానస్థానం మూడో అధ్యాయంలో అగ్నివేశుడు గురువును అడుగుతాడు: వేర్వేరు ప్రకృతులు, వేర్వేరు ఆహారాలు, వేర్వేరు వయసులున్న మనుషులు ఒకేసారి ఎలా నశిస్తారు? దివిసీమకు ఇది పుస్తకంలో ప్రశ్న కాదు. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చి హంసలదీవి, పాలకాయతిప్ప, సొర్లగొంది వైపు ఊళ్లను ఊడ్చేసినప్పుడు దాదాపు 10,000 మంది పోయారు. చంటిబిడ్డలూ పోయారు, పూజారులూ పోయారు. అందరిదీ ఒకే పాపమా? గురువు చెప్పిన సమాధానంలో గాలి, నీరు, నేల, కాలం చెడడం ముందు వస్తుంది. వాటి వెనక అధర్మం ఉందనీ అంటాడు. కానీ అది జనపదం మొత్తానిది, రాజుల, పాలకుల తప్పుతో మొదలయ్యేది. ఒక రోగి తలకు చుట్టేది కాదు. వెంటనే శిష్యుడు, ఆయుష్షు ముందే రాసిపెట్టి ఉంటుందా అని అడిగితే గురువు కాదంటాడు. పూర్వకర్మ అనే దైవం ఒకటి, ఇప్పటి ప్రయత్నం అనే పురుషకారం ఒకటి; రెండింటి బలాబలాలను బట్టి ఫలితం. బలహీనమైన దైవాన్ని బలమైన పురుషకారం గెలుస్తుంది. అంతా నిర్ణయమై ఉంటే మందులెందుకు, పథ్యమెందుకు అన్నది ఆయన వాదం. అదే చరకసంహిత శారీరస్థానంలో కర్మజ వ్యాధులు కర్మ తీరేదాకా లొంగవని కూడా ఉంది. ఆ మాట దాచిపెట్టనక్కరలేదు. అయితే ఏ వ్యాధి కర్మజమో చికిత్స చేసి చూడకముందు చెప్పగల వైద్యుడెవరూ ఆ గ్రంథంలో కూడా లేడు.

బౌద్ధం మరింత సూటిగా మాట్లాడింది. ఘంటసాలలో, గుడివాడలో స్తూపాలు వెలిసిన కాలంలో ఈ కృష్ణా డెల్టా బౌద్ధుల నేల. బుద్ధుణ్ని మోళియ సీవకుడనే పరివ్రాజకుడు అడిగిన ప్రశ్న సంయుత్త నికాయంలో ఉంది: మనిషి అనుభవించే సుఖదుఃఖాలన్నీ పూర్వకర్మ వల్లనేనా? కాదన్నాడు బుద్ధుడు. పిత్తం వల్ల కొన్ని, కఫం వల్ల కొన్ని, వాతం వల్ల కొన్ని, ఆ మూడూ కలిసి కొన్ని, రుతువుల మార్పు వల్ల, తనను తాను సరిగ్గా చూసుకోకపోవడం వల్ల, ఇతరులు కొట్టడం వల్ల కొన్ని; కర్మఫలం వీటిలో ఎనిమిదోది మాత్రమే. అన్నిటికీ కర్మనే కారణంగా చెప్పేవారు తమకు తెలిసినదాన్నీ, లోకం ఎరిగినదాన్నీ దాటి మాట్లాడుతున్నారని ఆయన తేల్చాడు. ఉపనిషత్తుల్లోనూ ఈ తలుపు మూసి లేదు. శ్వేతాశ్వతరం మొదట్లోనే జగత్కారణంగా కాలం, స్వభావం, నియతి, యదృచ్ఛ మొదలైనవాటిని పరిశీలనకు పెడుతుంది. చివరికి వాటిని దాటి దేవుడి శక్తి దగ్గరకు వెళ్తుంది, నిజమే. అయినా యదృచ్ఛ అన్నది విచారించదగిన పక్షమని ఆ ఋషులకు తోచింది. 2017లో తొమాసెట్టి, వోగెల్‌స్టైన్ అనే శాస్త్రవేత్తలు క్యాన్సర్‌కు దారితీసే జన్యుమార్పుల్లో పెద్ద భాగం నకలు తీసేటప్పుడు యాదృచ్ఛికంగా దొర్లే తప్పులేనని లెక్కగట్టి చూపినప్పుడు పెద్ద చర్చే జరిగింది. ఆ లెక్కలోని పాళ్ల మీద వాదాలున్నా, యాదృచ్ఛికమైన తప్పులున్నాయన్న దానిమీద వాదం లేదు.

గ్రంథాల కన్నా గట్టిగా మాట్లాడేవి జీవితాలు. రామకృష్ణ పరమహంస 1886లో గొంతు క్యాన్సర్‌తో పోయారు. రమణ మహర్షి చేతి మీద లేచిన సార్కోమాతో 1950 ఏప్రిల్ 14న పోయారు. భక్తులు దాన్ని ప్రారబ్ధమన్నారు, శిష్యుల కర్మను తమ మీదికి తీసుకున్నారన్నారు. వాళ్లను పాపులని మాత్రం ఎవరూ అనలేదు. మహర్షికి ఇచ్చే ఆ మర్యాద కమ్మరిపాలెంలోనో కోడూరులోనో మంచాన పడ్డ ఇల్లాలికి ఎందుకు దక్కదు?

దక్కకపోవడానికి ఒక కారణం అవయవమే. అండాశయం సంతానానికి మూలం. పిల్లలు లేని స్త్రీ అప్పటికే నలుగురి నోళ్లలో నానుతూ ఉంటుంది. మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి గుడిలో మంగళవారాల నాడు ఆ బాధ కళ్లకు కడుతుంది. పాముచుట్ట పానవట్టంగా ఉన్న లింగం ముందు, కన్నంలోంచి పుట్టలోకి జారే పాలను తదేకంగా చూస్తూ నిలబడే ఆడవాళ్లలో చాలామంది వచ్చేది సంతానం కోసం, సర్పదోషం పోవడం కోసం. మొక్కు మనసుకు ఊతమిస్తుంది, అందులో తప్పు లేదు. బిడ్డను కననివారిలో అండాశయ క్యాన్సర్ ముప్పు కొంచెం ఎక్కువన్నది వైద్యసత్యం. దాని అర్థం అండాలు విడుదలైన నెలల లెక్క ఎక్కువని, అంతే. ఆ సత్యాన్ని దోషానికి రుజువుగా వాడితే ఒకే మనిషిని రెండుసార్లు శిక్షించినట్టవుతుంది.

‘వంశంలో ఉంది’ అన్న మాట దగ్గర కూడా ఇలాంటి తడబాటే. 1994, 1995 సంవత్సరాల్లో బయటపడిన బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 జన్యువులు డీఎన్‌ఏ విరుగుళ్లను అతికే ప్రోటీన్లకు మూలం. బీఆర్‌సీఏ1 చెడిపోయి పుట్టిన స్త్రీకి జీవితకాలంలో అండాశయ క్యాన్సర్ వచ్చే అవకాశం నూటికి సుమారు 40. మామూలుగానైతే నూటికి ఒకటికి కాస్త ఎక్కువ. చెడిన జన్యువు బిడ్డకు అందే అవకాశం సగానికి సగం, తల్లి వైపు నుంచే కాదు, తండ్రి వైపు నుంచి కూడా. తండ్రి దగ్గర అది ఏ లక్షణమూ చూపకుండానే ఉండిపోవచ్చు. తల్లిదండ్రుల పాపం పిల్లలకు తగిలిందని దీన్ని చదవడం తేలిక. కానీ తెలిసిన జన్యుదోషానికి చేయగలిగింది ఉంది: పిల్లలు కలిగాక, నలభై ఏళ్ల ప్రాంతంలో అండవాహికలూ అండాశయాలూ తీయించుకుంటే ముప్పు బాగా తగ్గుతుంది, జబ్బు వచ్చినవారికి 2014 నుంచి ఒలాపరిబ్ వంటి మందులున్నాయి. ఏ జన్మదో తెలియని పాపానికి పరీక్ష లేదు, మందూ లేదు.

పురుషకారం అంటే ఏమిటో తెలుగువాడొకడు చేసి చూపించాడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు యౌవనంలో రామకృష్ణ మఠంలో చేరి సన్యసించాలనుకున్నాడు. ఆ దారి వైద్యం వైపు తిరిగింది. అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకునే మందులను తయారుచేసింది. వాటిలో మెథోట్రెక్సేట్ ఒకటి. ఆయన 1948లో పోయారు. 1956లో మిన్ చియు లీ, రాయ్ హెర్ట్జ్ అదే మందుతో కోరియోకార్సినోమాను నయం చేయవచ్చని చూపారు. గర్భంతో ముడిపడి పుట్టి, ఊపిరితిత్తులకు పాకి తల్లులను చంపే కణితి అది. మందు పనిచేస్తున్నదో లేదో వాళ్లకు చెప్పింది కూడా ఒక ప్రోటీన్ గుర్తే, హెచ్‌సీజీ. కణితి కంటికి కనబడకుండా పోయినా మూత్రంలో ఆ హార్మోన్ ఉన్నంతకాలం మందు ఆపకూడదని లీ పట్టుబట్టాడు. మందులతో నయమైన తొలి గట్టి కణితి అదే. సన్యాసి కావలసిన మనిషి చేతి మందు తల్లులను బతికించింది. ఆ తల్లులు ఏ జన్మలో ఏం చేశారని ఎవరూ అడగవలసిన అవసరం రాలేదు. కృష్ణా జిల్లా మంటాడలో పుట్టిన నోరి దత్తాత్రేయుడు న్యూయార్క్‌లో క్యాన్సర్‌కు రేడియేషన్ చికిత్సలో పేరు తెచ్చుకుని 2015లో పద్మశ్రీ అందుకున్నారు. నందమూరి తారక రామారావు భార్య బసవతారకం 1984లో క్యాన్సర్‌తో కన్నుమూస్తే, ఆమె పేరిట హైదరాబాద్‌లో ఆసుపత్రి వెలసి 2000లో తెరుచుకుంది. కర్మ అన్న మాటకు చేసే పని అన్న అర్థం ఇలాంటి చోట నిలబడుతుంది.

కర్మ సిద్ధాంతాన్ని నమ్మేవారు దాన్ని వదులుకోనక్కరలేదు. తన జీవితాన్ని తాను దిద్దుకోవడానికి ఒక మనిషి దాన్ని వాడుకోవచ్చు. పక్కవారి రోగానికి వ్యాఖ్యానంగా వాడే హక్కు ఏ శాస్త్రమూ ఇవ్వలేదు. ఆ వ్యాఖ్యానం ప్రాణాలు కూడా తీస్తుంది: నింద పడుతుందని భయపడే స్త్రీ కడుపు సంగతి బయటపెట్టదు, గ్యాస్ మాత్రలతో నెలలు నెట్టుకొస్తుంది. చాలామంది ఆసుపత్రికి చేరేసరికి జబ్బు పొట్టంతా పాకి ఉండడానికి, లక్షణాలు మామూలు బాధల్లా ఉండడంతో పాటు, ఈ దాపరికమూ తోడవుతుంది.

పొట్ట ఉబ్బరం, నాలుగు ముద్దలకే కడుపు నిండడం, పొత్తికడుపులో నొప్పి, మాటిమాటికీ మూత్రం రావడం, ఇవి కొత్తగా మొదలై రెండు మూడు వారాలైనా తగ్గకపోతే, ముఖ్యంగా యాభై దాటినవారు, గైనకాలజిస్టును కలిసి స్కానింగ్ చేయించుకోవాలి. తల్లికో అక్కచెల్లెళ్లకో మేనత్తకో రొమ్ము, అండాశయ క్యాన్సర్ వచ్చి ఉంటే ఆ సంగతి డాక్టరుకు దాచకుండా చెప్పాలి. ఇంట్లోవాళ్లు ఏ పాపమని అడగడం మాని, ఏ రోజు ఆసుపత్రికి వెళ్దామని అడగాలి.